క్యూబా సిగార్‌తో ఏ విస్కీ బాగుంటుంది?

ప్రశ్న: దుబాయ్ దోస్తు రెండు సిగార్లు ఇచ్చిండు. ఆదివారం దేవరకొండలో మా బావ ఇంటి డాబా మీద సిట్టింగ్. పొగ వాసనొచ్చే స్కాచ్ కొనాలా, మన బెంగళూరు విస్కీ అమృత్ చాలా?

జవాబు: పొగ మీద పొగ ఎందుకన్నా? నా నాలుకకు రెండూ కొట్టుకుంటాయి. షెర్రీ (స్పెయిన్ వైన్) పీపాలో పండిన మాల్ట్, అంటే మొలకెత్తిన బార్లీతో చేసిన విస్కీ తీసుకో, ఆ ఎండు ద్రాక్ష తీపి పొగాకు ఘాటుకు బాగా కుదురుతుంది. అమృత్‌ను తక్కువ చేయకు. వాళ్ల సింగిల్ మాల్ట్‌ను (ఒకే డిస్టిలరీలో చేసిన మాల్ట్ విస్కీ) 2004లో స్కాచ్ పుట్టిన స్కాట్లాండ్‌లో, గ్లాస్గోలోనే విడుదల చేశారు. బెంగళూరు వేడికి తొందరగా పక్వానికొస్తుంది. ఐసు వద్దు, నాలుగు చుక్కల నీళ్లు చాలు.

జవాబు: సిగార్లు ఫ్రిజ్‌లో పెట్టకు, ఎండిపోతాయి. పొగ మింగొద్దు. వైనే కావాలంటే పోర్ట్ అనే పోర్చుగల్ తీపి వైన్.

జవాబు: నాకు పొద్దున దించిన ఈత కల్లు, బోటి వేపుడు. సిగార్ మీరే కాల్చుకోండి.

ప్రశ్న అడిగినాయన: బావ కూడా కల్లే అంటుండు!