స్ట్రోక్ తర్వాత రక్తనాళాలు కట్టే కణాలు: టెస్ట్, ఇంజెక్షన్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

పలమనేరు పిల్లోడు:
మా నాయనకు మెదడులో రక్తనాళం పూడుకుపోయి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. తిరుపతిలో చూపించి ఇంటికి తెచ్చుకున్నాం. ఇలాంటప్పుడు ఎముక మజ్జ నుంచి కొత్త రక్తనాళాలు కట్టే కణాలు రక్తంలోకి వస్తాయని డాక్టర్ గారన్నారు. అవి ఎన్ని ఉన్నాయో టెస్ట్‌లో తెలుస్తుందా? ఆ కణాలనే ఇంజెక్షన్‌గా ఇస్తామని ఒకచోట చెప్తున్నారు. అడిగిన డబ్బు కట్టాలంటే మామిడి తోట అమ్మాల్సిందే.

ల్యాబ్ అక్క, తిరుపతి:
తోట జోలికి పోవద్దు తమ్ముడూ. డాక్టర్ చెప్పింది నిజమే. పెద్దవాళ్ల రక్తంలోనూ ఈ కణాలు తిరుగుతాయని 1997లో శాస్త్రవేత్త అసహారా బృందం రాసింది. స్ట్రోక్ వచ్చిన మొదటి వారంలో ఇవి బాగా పెరిగినవాళ్లు తర్వాత మెరుగ్గా కోలుకున్నారని 2007లో స్పెయిన్ పరిశోధకులు చూశారు. అయితే ఇవి పెరగడం వల్లే కోలుకున్నారని దాంతో తేలిపోదు.
ఇక టెస్ట్ సంగతి. రక్తంలో ఇవి చాలా అరుదు. కణాలను ఒక్కొక్కటిగా చూసే ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో, కణం పైనుండే సీడీ34, సీడీ133 లాంటి గుర్తులు పట్టి లెక్కపెట్టాలి. ఏ గుర్తులను లెక్కలోకి తీసుకోవాలో ల్యాబ్‌కో పద్ధతి, అందుకే ఒకచోటి అంకెకూ ఇంకోచోటి అంకెకూ పొంతన ఉండదు. పైగా అంకె తెలిసినా నాయన మందులు మారవు.

మదనపల్లె మాస్టారు:
ఇంజెక్షన్ గురించి నేను చెప్తా. మన దేశంలోనే 120 మంది స్ట్రోక్ పేషెంట్లలో సగం మందికి వాళ్ల మజ్జ కణాలే ఎక్కించి చూశారు, ఫలితాలు 2014లో వచ్చాయి. హాని లేదు గానీ, ఎక్కించనివాళ్లకంటే ఎక్కువ మేలూ కనపడలేదు. స్ట్రోక్‌కు ఇలాంటి మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఇవ్వాలంటే అనుమతి ఉన్న ట్రయల్‌లోనే, అంటే పనిచేస్తుందో లేదో చూసే పరిశోధనలోనే ఇవ్వాలని 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు. ట్రయల్ అని చెప్పి డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. ఇంట్లోవాళ్ల దిగులు మీద వ్యాపారం చేయడం చూస్తే కడుపు మండుతుంది.

చిత్తూరు కోడలు:
మా అత్తమ్మకు పనికొచ్చింది ఫిజియోనే. కుడి చేత్తో సంగటి తుంచబోతే వేళ్లు ముడుచుకునేవి కావు, ముద్ద జారిపోయేది. తినిపిస్తానంటే ఒప్పుకునేది కాదు. ఫిజియో అబ్బాయి కూడా అలాగే తిననివ్వమన్నాడు. ఇప్పుడు తనే తుంచి పులుసులో అద్దుకుంటుంది.

పలమనేరు పిల్లోడు:
ఆ కణాలు వాటంతట అవే పెరిగే దారి ఉందా అక్కా?

ల్యాబ్ అక్క, తిరుపతి:
వ్యాయామంతో, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలతో పెరుగుతాయని పరిశోధనల్లో ఉంది. షుగర్, పొగ ఉన్నవాళ్లలో తక్కువగా కనిపిస్తాయి. నాయన బీడీ తాగుతారా?

పలమనేరు పిల్లోడు:
తాగుతాడక్కా. ఆస్పత్రి నుంచి వచ్చినాక కూడా అడుగుతున్నాడు. బీడీ కట్టను అంగడి ఆయనకు తిరిగిచ్చేస్తా, ఇంజెక్షన్ వాళ్లకు రామని ఫోన్ చేస్తా.