లైబ్రరీ హాలుకి మజుందార్ పేరు: మీరేమంటారు?

సైనిక్‌పురి రావు: మన కాలనీ లైబ్రరీ హాలుకి స్క్వాడ్రన్ లీడర్ కె.కె. మజుందార్ పేరు పెట్టాలని నోటీసు పెట్టాను. 1942 ఫిబ్రవరిలో ఈయన నాయకత్వంలో మన వాయుసేన నంబర్ 1 స్క్వాడ్రన్ బర్మాలోని టౌంగూకి చేరిందో లేదో, జపాన్ విమానాలు వచ్చి ఎయిర్‌ఫీల్డ్‌ని బాదేశాయి. మర్నాడే ఈయన తన లైసాండర్ విమానానికి రెండు 250 పౌండ్ల బాంబులు తగిలించుకుని, థాయ్‌లాండ్‌లో మే హాంగ్ సాన్ దగ్గరున్న జపాన్ హ్యాంగర్ మీద వేసొచ్చాడు. ఆ మర్నాడు స్క్వాడ్రన్ మొత్తాన్నీ వెంటబెట్టుకెళ్లాడు. సైన్యానికి నిఘా కోసం చేసిన నెమ్మది విమానం అది!

తిరుమలగిరి శ్రీను: అంటే బాంబర్ కాదుగా. మీ నోటీసులో ‘బాంబర్ స్క్వాడ్రన్ కమాండర్’ అని ఎలా రాశారు?

రావు: బాంబర్ కాని దానితో బాంబులు వేయించడమే ఆయన తెలివి.

శ్రీను: నోటీసు మాత్రం తప్పే. పైగా కమాండరే ముందు ఒంటరిగా వెళ్లి కూలిపోతే స్క్వాడ్రన్ గతేంటి?

బోయిన్‌పల్లి రమ: ఒంటరిగా కాదండీ, రెండు బఫెలో ఫైటర్లు తోడు వెళ్లాయి.

రావు: కుర్రాళ్లని పంపేముందు తనే వెళ్లి చూశాడు. నాయకుడంటే అలాగే ఉండాలి. శ్రీనుగారూ, మీకు పైలట్లంటేనే పడదు. ప్రతి మీటింగులో చూస్తున్నాను.

శ్రీను: అవును, పడదు! మా నాన్న ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్. రిటైరై ఏళ్లు గడిచినా గోళ్ల సందుల్లో నలుపు పోలేదు. ఒక సన్మాన సభలో పైలట్లందరికీ శాలువాలు కప్పి, ఆయన్ని చివరి వరసలో కూర్చోబెట్టారు. పేరు కూడా పిలవలేదు. టౌంగూలో ఆ బాంబులు మోసి బిగించిందెవరు? హవాయ్ సిపాయిలు, అంటే వాయుసేన గ్రౌండ్ సిబ్బంది. వాళ్లలో ఒక్కరి పేరైనా మీ నోటీసులో ఉందా?

రమ: ఇది ముందే చెప్పాల్సింది శ్రీనుగారూ.

రావు: మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ అందులో మజుందార్ తప్పేముంది? 1944లో నార్మండీ మీద నిఘా విమానం నడిపి డీఎఫ్‌సీ అనే బ్రిటిష్ శౌర్య పతకం రెండోసారి తెచ్చుకున్న మనిషి, 1945లో లాహోర్‌లో హరికేన్ ఫైటర్ విమానం కూలి 31 ఏళ్లకే పోయాడు. ఆయన పేరు మన పిల్లలకి తెలియదు. నా బాధంతా అదే.

శ్రీను: పెట్టండి. కిందే అదే సైజు అక్షరాల్లో ‘నంబర్ 1 స్క్వాడ్రన్ గ్రౌండ్ సిబ్బంది’ అని కూడా ఉండాలి. లేకపోతే నా ఓటు పడదు.

రావు: హాలుకి ఒక్కరి పేరే పెడతారు. ఆదివారం ఓటింగులో తేల్చుకుందాం.