ఇంగ్లిష్ కథలో ‘బెల్’ అని రాయొచ్చా, ‘బ్యూటీ’ చాలదా?

కథల_పిచ్చి: నేను ఇంగ్లిష్‌లో చిన్న కథలు రాస్తుంటాను. పెళ్లిపందిట్లో అందరి చూపూ తన మీదే ఉన్న ఒకమ్మాయిని ‘బెల్ ఆఫ్ ద బాల్’ అన్నాను. గంట కాదండీ, అందగత్తె అని అర్థమిచ్చే ఫ్రెంచ్ మాట. నా స్నేహితురాలు చదివి దాన్ని కొట్టేసింది. ఫ్రెంచ్ ఎందుకు, ‘బ్యూటీ’ అంటే సరిపోదా అంటోంది. మీరేమంటారు?

బెజవాడ_పాఠకుడు: ఆవిడ చెప్పిందే కరెక్టు. రోజూ వాడే ఇంగ్లిష్ మాట ఉండగా పరాయి మాట వాడొద్దని ఇంగ్లిష్ రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లోనే రాశాడు. అంతకు ముందు 1926లో, ఇంగ్లిష్ వాడుక మీద పుస్తకం రాసిన ఫౌలర్ ఇంకా గట్టిగా అన్నాడు: చదువును ప్రదర్శించుకోవడం కూడా డబ్బును ప్రదర్శించుకోవడమంత మోటుపనేనని. మనవాళ్లు ఇంగ్లిష్ రాసేటప్పుడు ఈ జబ్బు మరీ ఎక్కువ. వాక్యం తేలిపోతోందనిపిస్తే ఒక ఫ్రెంచ్ ముక్క తగిలిస్తారు.

ఓరుగల్లు_టీచర్: ఆర్వెల్ చెప్పింది నిజమే గానీ, ‘బెల్’ ఇంకా పరాయి మాటేనా? 17వ శతాబ్దం నుంచీ ఇంగ్లిష్‌లో ఉంది. అసలు ‘బ్యూటీ’ మాత్రం ఎక్కడిది? 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక పాత ఫ్రెంచ్ నుంచి వచ్చిందే కదా. రెండూ లాటిన్ ‘బెల్లుస్’ పిల్లలే. ఒకటి ముందు వచ్చింది, ఇంకోటి తర్వాత వచ్చింది, అంతే తేడా. ఫ్రెంచ్ వాసనే వద్దంటే పాత ఇంగ్లిష్ మాట ‘ఫెయిర్’ ఉంది. కానీ మన పెళ్లి ప్రకటనల్లో అది ఒంటిరంగుకే అతుక్కుపోయింది. కథలో వాడాలంటే నాకు మనసొప్పదు.

డాలస్_తెలుగు: ఏ భాష మాట అన్నదాన్ని పక్కన పెట్టండి. నేనుండేది అమెరికా దక్షిణాన. ఇక్కడ ‘సదరన్ బెల్’ అనగానే 1861–65 అంతర్యుద్ధానికి ముందునాటి పత్తితోటల యజమానుల కూతుళ్లు గుర్తొస్తారు. ఆ పట్టుగౌన్లకూ, ఆ విందులకూ డబ్బు బానిసల చాకిరీ నుంచి వచ్చింది. ఆ చరిత్ర తెలిసిన పాఠకుడికి ‘బెల్’ వట్టి పొగడ్తగా వినిపించదు.

బెజవాడ_పాఠకుడు: రెండో ప్రపంచ యుద్ధంలో 25 దాడులు పూర్తిచేసిన అమెరికన్ బాంబర్ ‘మెంఫిస్ బెల్’ కూడా ఉందిగా. పైలట్ తన ప్రియురాలి మీద ప్రేమతో పెట్టుకున్న పేరది. ప్రతి ‘బెల్’ వెనకా పత్తితోట ఉండదండీ.

ఓరుగల్లు_టీచర్: ఉండదు, ఒప్పుకుంటాను. కానీ ఆ మాట స్వభావం చూడండి. ‘బ్యూటీ’ నదికీ ఉంటుంది, పాటకీ ఉంటుంది, లెక్కల్లో ఒక నిరూపణకీ ఉంటుంది. ఇంగ్లిష్‌లో ‘బెల్’ మాత్రం మామూలుగా ఆడమనిషికే చెందుతుంది. అదీ నలుగురిలో. ఊరికో, విందుకో, ఆ ఏటికో ఆమే అందగత్తె అని చుట్టూ ఉన్నవాళ్లు తేల్చాలి. అందుకే చెరువుగట్టున ఒంటరిగా కూర్చున్న అమ్మాయికి ఆ మాట నప్పదు.

ఇంకొకటి కూడా ఉంది. ఫ్రెంచ్‌లో దీనికి జత పుంలింగం ‘బో’. అది ఇంగ్లిష్‌లోకి వచ్చి మొదట సోగ్గాడయింది, తర్వాత ప్రియుడయింది. అంటే మగవాడి మాటకు ఒక బంధం దొరికింది. ఆడమనిషి మాట చూపుల దగ్గరే ఆగిపోయింది. నన్ను బాధపెట్టేది ఇదే. ఈ మాట వాడే ప్రతిచోటా ఎవరు చూస్తున్నారు, ఎవరు తీర్పు చెబుతున్నారు అని రచయిత ఆలోచించాలి.

కథల_పిచ్చి: నా కథలో సరిగ్గా అదే జరుగుతోంది. చుట్టాలంతా ఆ పిల్లను కళ్లతోనే తూకం వేస్తున్నారు. అందుకే ‘బెల్’ ఉండాలనుకుంటున్నాను.

బెజవాడ_పాఠకుడు: అలాగైతే ‘బెల్’ మీద నా అభ్యంతరం మానుకుంటాను. కానీ మన పెళ్లిపందిట్లోకి ‘బాల్’ ఎలా వచ్చిందండీ? అది జంటలు కలిసి ఆడే నాట్యవిందు. మీ కథలో ఉన్నది భజంత్రీలు, బంతిభోజనాలు. పాఠకుడికి ఎబ్బెట్టుగా తగిలేది అక్కడే.

డాలస్_తెలుగు: ఈ మాటతో నేనూ ఏకీభవిస్తున్నాను. ఆ ఇడియం మొత్తం తీసేయండి.

కథల_పిచ్చి: ‘బాల్’ తీసేస్తున్నాను. ‘బెల్’ను కథకురాలి నోట కాకుండా ఆ అమ్మాయి మేనత్త నోట పెడతాను. ఆవిడ కాన్వెంట్‌లో చదువుకుంది, పిల్లను అందరికన్నా నిశితంగా చూస్తున్నదీ ఆవిడే.