ఈ వారం సమస్య: «పెంచఁ దలఁచు తల్లి పిడులఁ గ్రుద్దె»

నిర్వాహకులు (విజయనగరం): ఇంట్లో గోధుమ రొట్టె కాల్చేవాళ్ళు మన గుంపులో పెరిగారు కాబట్టి ఆ వైపు పూరిస్తే సంతోషం. సన్నిపాత జ్వరాలు, దత్తతలు, కంసుడు అంటూ పాత దారులు వద్దు. చివరి పాదం ఇదీ, పొసగని ఈ మాటకు అర్థం కుదిరేలా పై మూడు పాదాలు మీరు రాయాలి:

పెంచఁ దలఁచు తల్లి పిడులఁ గ్రుద్దె.

బొబ్బిలి మాస్టారు:

గంటసేపు పులిసి గాలితో నుబ్బెను
పిండిబిడ్డ, దాని పెద్ద గాలి
బుడగలెల్లఁ బోయి పొందికై మఱలంగఁ
బెంచఁ దలఁచు తల్లి పిడులఁ గ్రుద్దె.

నిర్వాహకులు: «పిండిబిడ్డ» అన్న ఒక్క మాటతో సమస్య విడిపోయింది. తల్లి ఎవరు, పెంచడం ఏమిటి అని మళ్ళీ అడగక్కర్లేదు. «పొందికై» చాలా బాగుంది.

పలాస పద్యప్రియ: మాస్టారి ధార గురించి నాకు రెండో మాట లేదు. విషయం దగ్గరే పేచీ. మైదా ముద్దను గుద్దినా తట్టుకుంటుంది. ముడి గోధుమ పిండిలో తవుడు ఉంటుంది. ఆ తవుడు అంచులు సాగిన జిగురు (గ్లూటెన్) తీగల్ని కోస్తాయి. ఒకసారి పొంగిన ముద్దను పిడికిలితో గుద్దితే తీగలు తెగి, రెండోసారి అంతగా లేవదు. పొంగాక అరచేత్తో ఒత్తాలి, అంతే. పిడికిలికి చోటు ఉన్నది పొంగక ముందు, మర్దనలో. అందుకని నా పూరణ:

నీరు త్రాగి తవుడు నెమ్మదిన్ నానిన
ముద్ద సాగి తీఁగ ముడులు పడఁగఁ
బదినిమిషము లటులె వదలక మెదుపుచుఁ
బెంచఁ దలఁచు తల్లి పిడులఁ గ్రుద్దె.

టెక్కలి అత్తయ్య: మూడో పాదం అంతా లఘువులే పడ్డాయి చూశారా! చదువుతుంటే పీట మీద ముద్ద దొర్లుతున్నట్టే ఉంది. మొదటి పాదంలోని «నానిన» కూడా ఊరికే పడలేదు. 400 గ్రాముల పిండిలో 300 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, తడి పట్టేలా కలిపి, మూతపెట్టి అరగంట ఒగ్గేయాలి. తవుడు మెత్తబడ్డాక మర్దనకు పది నిమిషాలు చాలు. నానబెట్టకుండా మొదలుపెడితే ఇంకా ఎక్కువసేపు పిసకాలి. చేతికి అంటుకుంటోందని పొడిపిండి చల్లేవాళ్ళు ఎక్కువ. రొట్టె ఇటుకలా వచ్చేది సగం ఆ చల్లడం వల్లనే. చేతికి నూనె రాసుకోండి.

బొబ్బిలి మాస్టారు: సర్వలఘువు బాగుంది, ఒప్పుకుంటున్నాను. అయితే గుద్దింది దేన్ని? «ముద్ద» సాగడానికి కర్త అయిపోయింది, గ్రుద్దడానికి కర్మ లేదు. అన్వయం కుంటుపడింది.

పలాస పద్యప్రియ: కర్మ అధ్యాహారం మాస్టారూ, చెప్పకున్నా తోస్తుంది. పోయిన నెల «చోడిపిండి (రాగిపిండి) రొట్టె చుక్కలంటె» అన్న పాదానికి మీ పూరణ ఇలా మొదలైంది:

సగము చోడిపిండి సగము గోధుమపిండి

యతి ముచ్చటగా ఉంది. కానీ చోళ్ళలో జిగురు అనేదే లేదు. సగానికి సగం కలిపితే ఆ రొట్టె చుక్కల్నేటి, డబ్బా అంచును కూడా అంటదు. 400 గ్రాముల్లో 60 గ్రాములు చోడిపిండి వేయవచ్చు. అంతకు బాగా మించితే పొంగు పడిపోతుంది. ఆ రోజు అందరూ «ఆహా» అన్నారు, అందుకే ఈ రోజు చెప్పవలసి వచ్చింది.

బొబ్బిలి మాస్టారు: ఆ లెక్కకు తల వంచుతున్నాను. పద్యం నిలుస్తుంది, రొట్టె నిలవదు. «ఆఱవంతు చోడి యందముగను» అని రెండో పాదంలో సర్ది మళ్ళీ రాస్తాను.

చీపురుపల్లి చెల్లి: అందరికీ నమస్కారం. మొదటి ప్రయత్నం, దిద్దండి.

ఉప్పు వేఱె వేసి యుసురునిల్పిన యీస్టు
పొంగి నురగ తేలి పొర్లుచుండ
మెత్తని పిండిని మృదువుగా నొత్తుచుఁ
బెంచఁ దలఁచు తల్లి పిడులఁ గ్రుద్దె.

నిర్వాహకులు: చెల్లెమ్మా, మూడో పాదంలో «మెత్తని పిండిని» దగ్గర కాలు జారింది. «మెత్తనైన పిండి» అంటే గణం నిలబడుతుంది. «మె–మృ» యతి చక్కగా కుదిరింది, కొత్తవాళ్ళు ఋకారం జోలికి పోరు. మరి మృదువుగా ఒత్తుతూ పిడికిళ్ళతో గుద్దడం ఎలా?

పలాస పద్యప్రియ: నురగ అన్నావు కాబట్టి ఇది గుళికల ఈస్టే అనుకుంటాను. దాన్ని ఆ 300 మిల్లీలీటర్లలోంచి ముందే తీసిపెట్టిన అరకప్పు గోరువెచ్చని నీళ్ళలో, చిటికెడు బెల్లంతో పది నిమిషాలు ఉంచాలి. నురగ రాకపోతే ఆ ఈస్టు పోయినట్టే, పిండి పాడుచేసుకోవద్దు. వేలు పెట్టలేనంత వేడి నీళ్ళు పోసినా అంతే సంగతి, 60 డిగ్రీల దగ్గర అది బతకదు. ఉప్పు విషయంలో మాత్రం భయం అక్కర్లేదు. గాఢమైన ఉప్పునీళ్ళలో నానితేనే ఈస్టుకు దెబ్బ. పిండిలో కలిసిన 8 గ్రాములు దాన్ని చంపవు, పులిసే వేగాన్ని కాస్త పట్టి ఉంచుతాయి. మన వైపు ఎండాకాలంలో అది మేలే.

టెక్కలి అత్తయ్య: మేలేమిటి, తప్పనిసరి. మే నెలలో ముద్ద నలభై నిమిషాల్లోనే రెట్టింపవుతుంది, పుష్యమాసంలో గంటన్నర పడుతుంది. గడియారం చూడొద్దు, తడి వేలితో గుచ్చి చూడండి. గుంట బేగి పూడిపోతే ఇంకా ఆగాలి. నెమ్మదిగా సగం పూడితే సరి. అసలు పూడకపోతే ఎక్కువ పులిసినట్టు, పొయ్యిలో కూలుతుంది.

కంటోన్మెంట్ బాబాయి: ఆలస్యంగా వచ్చాను. తల్లిని కర్తగా ఉంచడం ఎందుకు? పిలుద్దాం.

రెండుసారు లుబ్బి రేకు నిండినదానిఁ
బొయ్యి కడకుఁ జేర్చు పూట నొకఁడు
పైఁడితల్లి! వినుము, పాపమ్ము! తెలియక
పెంచఁ దలఁచు; తల్లి! పిడులఁ గ్రుద్దె.

నిర్వాహకులు: సంబోధన! పాదంలో ఒక్క అక్షరం కదలకుండా అర్థం మొత్తం తిరిగింది. పైడితల్లి అమ్మవారి ఊళ్ళో ఉండి ఈ విరుపు నాకే తట్టలేదు.

బొబ్బిలి మాస్టారు: విరుపు అద్భుతం. «పైఁడితల్లి», మళ్ళీ «తల్లి» పునరుక్తి కాదా?

కంటోన్మెంట్ బాబాయి: మొర పెట్టుకునేవాడు ఒక్కసారే పిలుస్తాడా మాస్టారూ?

టెక్కలి అత్తయ్య: బాబాయి చెప్పిన తప్పు నిజంగా జరిగేదే. రెండో పొంగు డబ్బా అంచుకు అర అంగుళం పైకి రాగానే ఇక తాకకూడదు. 200 డిగ్రీలకు ముందే వేడెక్కిన ఓవెన్‌లో 35 నుంచి 40 నిమిషాలు. అప్పుడు గాలి పోతే మళ్ళీ నిండే వ్యవధి లేదు, లోపల పచ్చి ముద్దే మిగులుతుంది. డబ్బాలోంచి తీసి అడుగున తడితే డొల్ల చప్పుడు రావాలి. గంటసేపు చల్లారనిచ్చి కోయండి. వేడిమీద కోస్తే కత్తికి జిగురు పట్టి, ఉడికిందీ ఉడకలేదన్నట్టు కనబడుతుంది.

చీపురుపల్లి చెల్లి: గణం దిద్దాను. గుద్దడం, ఒత్తడం మధ్య తగువు కూడా తీరిందనుకుంటున్నాను. చూడండి:

ఉప్పు వేఱె వేసి యుసురునిల్పిన యీస్టు
పొంగి నురగ తేలి పొర్లుచుండ
మెత్తనైన పిండి మృదువుగా నొత్తదే
పెంచఁ దలఁచు తల్లి? పిడులఁ గ్రుద్దె?

బొబ్బిలి మాస్టారు: కాకువు! అడిగే గొంతుతోనే «కాదు» అనిపించింది. నా పిడికిలినీ పలాసవారి పేచీనీ రెండు ప్రశ్నార్థకాలతో తేల్చేసింది అమ్మాయి. నా పూరణ వెనక్కి తీసుకుంటున్నాను.

పలాస పద్యప్రియ: «గ్రుద్దునే» అని ఉంటే ఇంకా స్పష్టం. ఇచ్చిన పాదం కదపకూడదు గనక ఇదే సరి. మొదటి పాదంలో ఉప్పు సంగతి మాత్రం మార్చు చెల్లీ.

నిర్వాహకులు: మార్చక్కర్లేదు. వచ్చే వారం పాదం దాని మీదే: «ఉప్పు లేని పిండి యుబ్బి చచ్చె».