నాన్నగారికి టి-సెల్ లింఫోమా: నూటికి 32 అన్న లెక్క మాకూ వర్తిస్తుందా?

ఉద్దానం అబ్బాయి:
మాది పలాస దగ్గర పల్లె. నాన్నగారికి 61 ఏళ్లు. శివరాత్రి వెళ్లాక మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ లేచింది. సూదితో తీసిన పరీక్ష చూసి క్షయ కావచ్చన్నారు. మూడు నెలలు ఆ మందులే మింగారు. గడ్డలు చంకల్లోకీ వచ్చాయి, రాత్రిళ్లు చెమటకు దుప్పటి తడిసి ముద్దయ్యేది, పదకొండు కిలోలు తగ్గారు. చివరికి విశాఖలో ఒక గడ్డను పూర్తిగా కోసి తీసి పరీక్షిస్తే పెరిఫెరల్ టి-సెల్ లింఫోమా (టి-కణాలనే తెల్లకణాల్లో పుట్టే క్యాన్సర్), ఎన్.ఓ.ఎస్. రకం, మూడో దశ అని తేలింది. వచ్చే సోమవారం నుంచి కీమో: సి.హెచ్.ఓ.పి. అనే నాలుగు మందుల కలయికట, 21 రోజులకొకసారి, మొత్తం ఆరు.

రాత్రి ఫోనులో వెతికితే, ఐదేళ్లు బతికేది నూటికి 32 మంది అని ఉంది. అమ్మకు చెప్పలేదు. 2018లో తిత్లీ తుపాను మా కొబ్బరిచెట్లను పడగొట్టాక ఒక చెక్క నేల అలాగే ఖాళీగా ఉండిపోయింది. అక్కడ నాటడానికి నాన్నగారు జబ్బుకు ముందే నలభై మొక్కలు తెప్పించారు. ఎప్పుడు నాటుదాం అని రోజూ అడుగుతున్నారు. కొబ్బరి కాపుకు రావాలంటే ఐదారేళ్లు. ఏమని చెప్పను?

బొబ్బిలి లెక్కల మాస్టారు:
బాబూ, ముప్పై ఆరేళ్లు బడిలో శాతాలు నేర్పినవాణ్ణి, ముందు లెక్క సంగతి చూద్దాం. ఆ 32 అన్నది 2008లో అచ్చయిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలోది. 22 ఆసుపత్రులు, 1,314 మంది. అందరికీ 1990కీ 2002కీ మధ్య జబ్బు బయటపడింది. అదే పట్టికలో అనాప్లాస్టిక్ అనే మరో టి-సెల్ రకం ఉంది: ఆల్క్ అనే ప్రొటీన్ ఉంటే (ఆల్క్ పాజిటివ్) 70, లేకపోతే (ఆల్క్ నెగటివ్) 49. ఎన్.ఓ.ఎస్. అంటే ఏ పేరూ సరిపోని కేసులన్నీ వేసిన బుట్ట. బుట్టకు సగటు కట్టవచ్చు, అందులోని ఒక్క కాయ రుచి సగటు చెప్పదు.

జబ్బు ఎంత ముప్పో అంచనా కట్టడానికి డాక్టర్లు చూసేవి ఐదు: వయసు 60 దాటిందా, మూడో నాలుగో దశా, రక్తంలో ఎల్.డి.హెచ్. అనే ఎంజైము పెరిగిందా, లింఫు గ్రంథులు కాక ఒకటికి మించి అవయవాలకు పాకిందా, మనిషి తన పని తాను చేసుకోలేకపోతున్నాడా. మొదటి రెండూ మీ నాన్నగారికి పడ్డాయి. మొక్కల గురించి రోజూ అడిగే మనిషికి ఐదోది పడదనే నా అనుమానం. మిగతా రెండూ రిపోర్టుల్లోనే ఉంటాయి, చూడండి.

బయాప్సీ కాగితంలో సి.డి.30 అన్న వరుస కూడా వెతకండి, అది క్యాన్సర్ కణాల మీద ఉండే ఒక ప్రొటీన్. మా ఆవిడది ఆల్క్ నెగటివ్ అనాప్లాస్టిక్, సి.డి.30 బాగా ఉంది. ఆమెకు సి.హెచ్.ఓ.పి.లోని విన్‌క్రిస్టిన్ తీసేసి, సి.డి.30ని గురిపెట్టే బ్రెంటుక్సిమాబ్ అనే మందు కలిపి ఇచ్చారు. సి.డి.30 ఉన్న 452 మందిపై జరిగిన పరీక్షలో ఐదేళ్లకు ఈ కొత్త కలయికతో 70 శాతం మంది, పాత సి.హెచ్.ఓ.పి.తో 61 శాతం మంది బతికి ఉన్నారు. అలాగని సంబరపడకండి. వాళ్లలో నూటికి డెబ్బై మందిది, ఆల్క్ ఉన్నవీ లేనివీ కలిపి, అనాప్లాస్టిక్ రకమే, కాబట్టి మీ రకానికి ఎంత లాభమో దాన్ని బట్టి తేల్చలేం. ఖరీదా? మా ఇంట్లో గాజులు కూడా మిగల్లేదు. ఆవిడ మాత్రం మిగిలింది, నాలుగేళ్లయింది, ఇప్పుడు పక్క గదిలోంచి నన్ను దీపం ఆర్పమంటోంది.

ఆముదాలవలస నుంచి:
మా వైపు ఒకాయన పసరు వైద్యం చేస్తాడు. కీమోతో పాటు అదీ వాడితే తప్పేముంది?

కీమో వార్డు సిస్టర్:
తప్పే. ఆ పసరులో ఏముందో ఎవరికీ తెలియదు, కాలేయం దెబ్బతింటే కీమో ఆపాల్సి వస్తుంది.

ఉద్దానం తమ్ముడూ, మీ ప్రాంతంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ కదా, మొదటి డోసుకు ముందే క్రియాటినిన్, యూరిక్ యాసిడ్ చూశారో లేదో అడగండి. మందు పడగానే గడ్డలు వేగంగా కరిగితే ఆ భారమంతా కిడ్నీల మీద పడుతుంది. గుండెకు ఎకో, హెపటైటిస్ బి పరీక్ష కూడా ముందే అయిపోవాలి. సి.హెచ్.ఓ.పి.లోని ఎర్ర మందు ఎక్కాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారు పడకండి. తర్వాత వేళ్లు తిమ్మిరెక్కితే మాత్రం దాచకుండా చెప్పమనండి. మగవాళ్లు దాస్తారు.

ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు పడిపోతాయి. జ్వరం 100.4 తాకితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. బిళ్ల వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. కీమో నడిచినన్నాళ్లూ మట్టి, పేడ ఎరువు ఆయన చేత ముట్టించకండి.

ఉద్దానం అబ్బాయి (రెండు వారాల తర్వాత):
మాస్టారూ, సి.డి.30 ఐదు శాతం కణాల్లోనే ఉందన్నారు, పాత మందులతోనే నడిపిస్తున్నారు. ఎల్.డి.హెచ్. ఎక్కువే ఉంది. మూడు డోసులయ్యాక స్కాన్ తీస్తారట. తొమ్మిదో రోజు రాత్రి 101 వచ్చింది. సిస్టర్ మాట గుర్తుండి వెంటనే కారు మాట్లాడుకుని బయలుదేరాం. నాలుగు రోజులు ఉంచి పంపారు. మొక్కలు నాటేశాం. గోతులు నేనే తవ్వాను. నాన్నగారు గట్టు మీద కుర్చీ వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, వరుస వంకరపోయిందని పదకొండు గోతులు మళ్లీ తవ్వించారు.