‘పసులున్ విరిగినవి తిక్క’: ఆవులు ఎటు తిరిగాయి?

చేర్యాల నుంచి:
కాటమరాజు కథ గీస్తున్నాను, పుల్లరి (పశువుల మేత పన్ను) తగువులో నెల్లూరు రాజు మనుమసిద్ధితో తలపడిన యాదవ వీరుడిది. పాతరకం చుట్టపటం కాదు, యాదవ సంఘం భవనంలో గోడకు పెట్టే పెద్ద బొమ్మ. బట్టకు చింతగింజల అంబలి, సుద్ద పూసి ఎర్ర నేల కూడా వేశాను. ఒక గడిలో మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన ఓడి ఇంటికొచ్చాడు, తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోస్తోంది. కింద ‘పసులున్ విరిగినవి తిక్క, పాలున్ విరిగెన్’ అని రాయాలి. పాలు సరే, పసులు విరగడం ఏంటి? ఆవుల్ని చెల్లాచెదురుగా గీయాలా, మొహాలు ఇంటివైపు తిప్పాలా? పైగా సంఘంలో ఒక పెద్దాయన ‘పశులున్’ అని శ పెట్టమంటున్నారు.

కావలి నుంచి:
శ వద్దండి. పద్యం పాదాలు మొదలయ్యేది అసదృశ, మసి, గసవు, పసులు అని, నాలుగింట్లోనూ రెండో అక్షరం స. ప్రాస పోతుంది. విరగడమంటే వెనుదిరగడమే, ‘సేన విరిగింది’ అంటాం కదా. మేతకు పోయిన పసులూ వచ్చాయి, నువ్వూ వచ్చావు అని తల్లి దెప్పుతోంది. మొహాలు ఇంటివైపే.

పత్తికొండ నుంచి:
ఒప్పుకోను. గొడ్లు రోజూ సాయంత్రం ఇంటికొస్తాయి, అందులో దెప్పేదేముంది? మంద చెదిరింది, కాయాల్సినవాడు లేడు అన్న అర్థం రావాలి. ఇంకోటి, ఆ ‘గసవు’ కసవే, గడ్డి. మా వైపు కసువంటే ఊడ్చిపారేసే చెత్త. బీళ్ళు పోయాకే మాటకు ఈ గతి పట్టిందని నా అనుమానం.

జనగామ నుంచి:
మీరిద్దరూ నెల్లూరు కోటలో కూర్చుని చదువుతున్నారు. ఇది గొల్లల పద్యం కాదు, ఓడినవాళ్ళ ఇంటి చాటువు. గొల్లలకు ఈ కథ చెప్పే మందెచ్చులవాళ్ళ దగ్గర నేను విన్నదాంట్లో బొమ్మలు ఒక్కొక్కటే తీసి నిలబెడుతూ పుల్లరి తగువంతా చెప్పారు, ఈ పద్యం రానేలేదు. ఆ బొమ్మలు చేసిందీ మీ నకాషీ చిత్రకారులే కదా, చేర్యాల గారూ. కథలకు పిలుపులు తగ్గాక వాళ్ళు మాస్కులు, కీచైన్లు చేసుకుంటున్నారు. ఇటు 2017 తెలంగాణ గొర్రెల పంపిణీ పథకంలో 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున ఇస్తే, మా దగ్గర మేపడానికి జాగా లేక అమ్ముకున్నవాళ్ళున్నారు. వాళ్ళ పిల్లలు పెళ్ళిళ్ళకూ మీటింగులకూ ఆ భవనానికొచ్చి చూసేది ఈ బొమ్మనే. వాళ్ళ కథ కింద ఎదుటిపక్షం పద్యం ఎందుకు?

చేర్యాల నుంచి:
పద్యం లేకపోతే ఆ గడి ఎవరికి తెలుస్తుందండీ? ఓడొచ్చినవాడికి ఆడవాళ్ళకు పెట్టినట్టు భార్య స్నానానికి మంచం అడ్డుపెట్టడం, పసుపు ముద్ద, అన్నీ గీసేశాను. ఆవులకే జాగా వదిలాను.

కావలి నుంచి:
ఎదుటిపక్షం అని తోసేయకండి. తిక్కన సోమయాజి ఖడ్గతిక్కనకు వరుసకు సోదరుడు, మనుమసిద్ధి దగ్గరే ఉన్నాడు. భారతం ఎత్తుకున్నది విరాటపర్వంతో, అందులోనే గోగ్రహణం. ఇంటిముందు నడిచిన ఆవుల తగువు ఆయన మనసులో లేదంటే నేను నమ్మను. ఉత్తరుడు రథం దిగి పరుగెత్తే ఘట్టం మళ్ళీ చదవండి, యుద్ధంలోంచి తిరిగొచ్చిన మనిషిని కళ్ళారా చూసినవాడు రాసినట్టుంటుంది.

పత్తికొండ నుంచి:
నన్నయ అరణ్యపర్వంలో ఆగితే తిక్కన విరాటం నుంచి ఎందుకు ఎత్తుకున్నాడని ఇన్ని వందల ఏళ్ళుగా చెప్పుకుంటున్నారు, అందులోకి పుల్లరి తేకండి.

జనగామ నుంచి:
ఆవులు ఎవరివో తేలకుండా ఎటు తిరిగాయో ఎలా తేలుతుంది? ఖడ్గతిక్కన ఇంటివైతే మీ లెక్క. కాటమరాజువైతే అవి విరగనే లేదు.

చేర్యాల నుంచి:
ఇంటివైపా, చెదిరా? రంగు ఆరేలోపు చెప్పండి.

కావలి నుంచి:
ఇంటివైపే. ఉత్తరుడి పద్యాలు రాత్రికి టైప్ చేసి పెడతాను.

పత్తికొండ నుంచి:
పెట్టండి, కానీ ఉత్తరుడి దగ్గర హాస్యం, ప్రోలమ్మ దగ్గర కోపం. రెంటినీ ఒకే గాటన కట్టకండి.