వయొలిన్‌కి మాత్రం క్రెసెండో పనిచేయడం లేదు, ఎందుకు?

వయొలిన్, పియానోలకి ఒక చిన్న పీస్ రాస్తున్నాను. నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో ప్లే చేస్తే పియానో చక్కగా పెరుగుతోంది, తగ్గుతోంది. వయొలిన్‌కి పియానిసిమో (చాలా మెల్లగా) పెట్టినా, ఫోర్టిసిమో (చాలా గట్టిగా) పెట్టినా ఒకటే వాల్యూమ్. 12వ బార్‌లో నాలుగు బీట్లు సాగే స్వరం ఒకటుంది. దాని కింద క్రెసెండో, అంటే శబ్దం క్రమంగా పెరగాలనే గుర్తు, పెట్టాను. మొదట్లో ఎంత వినిపిస్తోందో చివర్లోనూ అంతే! ఆ స్వరం మెల్లగా పెరగడం కోసమే ఆ బార్ రాశాను, వింటుంటే ఉసూరుమంటోంది.

మిక్సర్ చూశాను, అంతా బాగానే ఉంది. వెలాసిటీ (స్వరాన్ని ఎంత గట్టిగా మొదలుపెట్టాలో చెప్పే అంకె) 33 నుంచి 112కి మార్చినా తేడా లేదు. ఆడియో ఫైల్‌గా సేవ్ చేసి విన్నా అంతే, కాబట్టి స్పీకర్ల తప్పు కాదు.

పియానోకి వెలాసిటీ చాలు గానీ, సాగే స్వరం మధ్యలో పెరగాలంటే మిడి (వాయిద్యాలకి సూచనలు పంపే డిజిటల్ పద్ధతి) కంట్రోలర్ 11, అంటే స్వరం మోగుతుండగానే వాల్యూమ్ మార్చే ఎక్స్‌ప్రెషన్ లాంటిది కావాలి కదా. నా సౌండ్‌ఫాంట్ (వాయిద్యాల శబ్దాలుండే ఫైల్) దాన్ని తీసుకోవడం లేదా? ఎలా తెలుసుకోవాలో ఎవరైనా చెప్పండి, ప్లీజ్.